ప్రస్తుతానికి సున్నా

"నువ్వేనా? ఆ లెక్కల్ని పరీక్ష చేసేది నువ్వేనా పిల్లా?"

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. చేతిలో గరిటె ఉంది. ఆవిడ మొహంలోకి చూడలేక నేను ఆ గరిటె వంకే చూస్తూ కూర్చున్నాను.

మా ఆయన గోడవైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషికి ఆ వంక ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. నోరు జారింది ఈయనే. ఇన్నాళ్ళు ఆగిన మహానుభావుడు ఇంకొక్క పూట ఆగలేకపోయారు!

"నిన్నే అడుగుతున్నాను."

"నేనే వదినా."

"మడుగు పూడ్చేస్తామని వాళ్ళిచ్చిన కాయితం పట్టుకుని ఈ ఇంటికొచ్చి పడ్డాను. పొద్దున్న లేస్తే నీ ఎదురుగానే ఏడ్చాను. ఆ మడుగుకి విలువ కట్టినవాడి చేతులు పడిపోనని తిట్టాను. నువ్వు వింటూ కూర్చున్నావు. మంచినీళ్ళిచ్చావు. ఊఁ కొట్టావు. అలా కట్టడం నేర్చుకున్న వాళ్ళకి మార్కులేసేది నేనేనని ఒక్క ముక్క అనలేకపోయావా?"

"చెప్తే ఆశ పెట్టుకుంటారని..."

"పెట్టుకుంటే?"

"నావల్ల కాకపోతే?"

వదిన గరిటె గట్టుమీద పెట్టేసింది. ఆవిడ తిడితే భరించొచ్చు. తిట్టి తిట్టి తనే అలిసిపోయి నవ్వేస్తుంది. నోరు మూసుకుందంటే మాత్రం ఇంట్లో గిన్నె కింద పెట్టాలన్నా భయమేస్తుంది.

మా ఆయనకి అక్కా అమ్మా నాన్నా అన్నీ ఆవిడే. మోకాల్లోతు నీళ్ళలో నిలబడి తుంగ కోసి, ఆ తుంగతో చాపలల్లి, ఈయన్ని చదివించి కళ్ళజోళ్ళమ్ముకునే మనిషిని చేసింది. తను మాత్రం ఆ మడుగు వదల్లేదు. ఇప్పుడు ఆవిడ పాకలో పాతికమంది ఆడవాళ్ళు చాపలల్లుతారు. ఆ మడుగు పూడ్చి అక్కడ గోదాములు కడతారట. ఇవాళ సాయంత్రంలోగా ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్ళకి బజార్లో తలా ఒక చిన్న కొట్టిస్తారట. పెట్టనివాళ్ళకి ఏమీ లేదు. తుంగ లేకపోతే కొట్టు పెట్టుకుని ఏం అమ్మాలో ఆ కాయితంలో లేదనుకోండి. పాకలోవాళ్ళంతా వదిన ఏం చెబుతుందా అని కాచుకుని ఉన్నారు. వదిన నా మొహంలోకి చూస్తోంది.

"సరే. అయిందేదో అయింది. ఇప్పుడన్నా చెప్పు. మా మడుగుకి ఏం విలువ కట్టారు?"

"నీళ్ళకి కట్టారు వదినా. వానలప్పుడు వరద నీళ్ళు అందులో ఆగి ఊళ్ళోకి రాకుండా ఉంటాయి కదా, దానికి."

"మంచిదే. తుంగకి?"

నేను కొంగు చివర మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

"తుంగకెంత కట్టారే?"

"సున్నా."

"చేపలకి?"

"సున్నా."

"పశువుల గడ్డికి?"

"అన్నిటికీ సున్నాయే వదినా."

వదిన కింద కూలబడింది. "సున్నా అంటే ఏంటే? మా తుంగ లేదనా? ఉన్నా దేనికీ పనికిరాదనా?"

"రెండూ కాదు. లెక్కకట్టలేదని."

"లెక్కకట్టకపోతే ఖాళీగా వదిలెయ్యాలి. సున్నా ఎవరెయ్యమన్నారు?"

అక్కడే ఉంది అసలు గొడవంతా. చదువుకున్న ఒక్కడికీ తట్టని ప్రశ్న వేసిందనుకునేరు. అదేం లేదు. ఆఫీసులో నేనూ అదే అడిగాను, అందరూ అదే అడుగుతారు. జవాబు వింటేనే ఒళ్ళు మండుతుంది.

అడవులకీ చెరువులకీ మడుగులకీ ఎంత విలువుంటుందో లెక్కకట్టడం సర్కారు ఆఫీసర్లకి రాదని, వాళ్ళకి నేర్పించడానికి ఓ సంస్థ ప్రాజెక్టు పెట్టింది. వాళ్ళు ఏమాత్రం నేర్చుకున్నారో చూసి ఆ సంస్థకి రిపోర్టు రాయడం నా పని. నేర్పడానికి ఒక సారు వచ్చాడు. మంచివాడే. అంకెలంటే ఆఫీసర్లు బెదిరిపోతారని అన్నిటినీ గుండ్రంగా చేసి చెప్పేవాడు. అందుకే అందరూ ఆయన్ని సున్నాల సారంటారు. పాఠం తేలిగ్గా ఉండాలని ఉత్తుత్తి మడుగొకటి బోర్డు మీద గీసి, ముందు ఒక్క నీళ్ళకే లెక్క చేయించాడు. తుంగ, చేపలు, గడ్డి, వీటి సంగతేంటని ఎవరో అడిగితే, "ప్రస్తుతానికి సున్నా అనుకోండి, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత అనేది రాలేదు. క్లాసులైపోయాయి. పరీక్ష పెట్టారు. పరీక్షలోనూ అదే బొమ్మ మడుగు, అవే సున్నాలు. ఒక్కడు తప్ప అందరూ పాసైపోయారు. ఆ వెంటనే నిజం మడుగొకటి ఫైల్లోకొచ్చింది. అది మా వదిన మడుగు.

ఆ ఫైలు చూసిన ఆఫీసర్ని నేనే వెళ్ళి అడిగాను. పాపం, తడుముకోలేదు. "క్లాసులో సున్నా వెయ్యమన్నారు మేడం, వేశాం. పరీక్షలో సున్నా వేసినవాళ్ళకే మార్కులొచ్చాయి. నాకు తెలిసి తుంగకి ఏదో ఒకటి వేసినతను ఒక్కడే తప్పాడు" అన్నాడు. ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

ఇదంతా చెప్పాను. వదిన ఆసాంతం విని, "ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాట్ట వెనకటికెవడో" అంది. అని నవ్వింది. నవ్వుతూనే రెండు చేతులూ నా ముందు చాపింది. తుంగ అంచులు కోసిన గీతలు వేళ్ళనిండా ఉన్నాయి, పాతవీ కొత్తవీ.

"లెక్కలో తుంగ లేకపోతే ఇవెక్కణ్ణుంచొచ్చాయో అడుగు మీ సార్ని."

"అడుగుతాను వదినా. ఇవాళే ఆఫీసులో మీటింగు. నా రిపోర్టులో దీని మీదే ఒక భాగం రాశాను. డబ్బిచ్చిన సంస్థ పెద్ద మేడం వస్తున్నారు. ఆవిడ ఒప్పుకుంటే ఫైలు మళ్ళీ తెరిపిస్తారు. పూడ్చడం ఆగుతుంది."

"ఒప్పుకోకపోతే?"

"నన్నడిగింది ఒక్కటే వదినా. నేర్పినవి నేర్చుకున్నారా లేదా అని. నేర్చుకున్నారు. అంతకుమించి నేనేం చెప్పినా వినాలని రూలు లేదు."

"అయితే నేనూ వస్తాను."

"వద్దు!"

ఎంత గట్టిగా అరిచానంటే మా ఆయన చేతిలో కళ్ళజోడు కింద పడింది.

"ఏం? నేనొస్తే నీకు నామోషీనా?"

"అది కాదు వదినా. అక్కడికి బయటివాళ్ళని రానివ్వరు."

"బయటివాళ్ళు," అంది వదిన. ఇంకేమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. కూర సగమే ఉడికింది.

పడగ్గదిలో కాయితాలు సర్దుకుంటుంటే మా ఆయన తలుపు దగ్గరికి లాగి వచ్చారు.

"ఎందుకు రావద్దో చెప్పొచ్చుగా అక్కకి. అంత మాటనడం దేనికి?"

"మీరు చెప్పండి. మీ అక్క."

"నేనేం చెప్పను? అక్కా, నువ్వు మాకేమీ కావన్నట్టు ఇవాళ్టికి ఇంట్లో కూర్చో అననా?"

"మరి నేననాలా? రేపు అందరూ ఏమంటారు? నిన్న మొన్నొచ్చిన కోడలు ఆడపడుచుని పరాయిదాన్ని చేసిందంటారు."

ఆయన మంచం అంచున కూర్చున్నారు. పాపం ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. కానీ జాలి పడే తీరిక లేదు.

సంగతేమిటంటే, ఈ పని ఒప్పుకున్నప్పుడు, నేను పరీక్షించేదానివల్ల నావాళ్ళెవరికీ లాభంగానీ నష్టంగానీ లేదని సంతకం పెట్టాను. అప్పటికది నిజమే. సగం పనయ్యాక ఆ మడుగు ఫైలు నా కళ్ళబడింది. ఆ రోజే వెళ్ళి చెప్పేస్తానన్నాను. ఈయనే ఆపారు.

"చెప్తే నిన్ను తప్పిస్తారు. కొత్తగా వచ్చేవాళ్ళకి ఆ సున్నాలు కనపడతాయని ఏముంది? పరీక్ష పాసయ్యారు, సంతోషం, అని రాసి చేతులు దులుపుకుంటారు. నువ్వేమీ అబద్ధం చెప్పడం లేదు. ఎవరూ అడగలేదు, నువ్వు చెప్పలేదు. అంతే కదా," అన్నారు అప్పుడు. ఇప్పుడూ అదే అన్నారు.

"అడిగితే?"

"ఎందుకడుగుతారు?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చెబితే వదిన మడుగు పోతుంది. చెప్పకపోతే నా మాట ఎప్పుడు కూలుతుందా అని బిక్కుబిక్కుమంటూ నిలబడాలి. ఇన్నేళ్ళు చదివి, ఇన్ని రిపోర్టులు రాసి, చివరికి నా బతుకు ఎవరూ ఒక ప్రశ్న అడక్కుండా ఉంటే చాలనేదాకా వచ్చింది.

"నేను నెమ్మదిగా చెప్తాలే అక్కకి. నువ్వెళ్ళు," అన్నారాయన.

"నిజంగా చెప్తారా?"

"చెప్తానంటున్నాగా."

పెళ్ళైనప్పట్నుంచీ చూస్తున్నాను. చెప్తానంటున్నాగా అని ఆయన విసుక్కున్నారంటే చెప్పరని అర్థం. తెలిసీ బయల్దేరాను. వదినకి ఆ మాట నేను చెప్పలేను, ఆయన చెప్పలేరు, ఆవిడే ఊరుకుంటుందిలెమ్మని ఇద్దరం అనుకున్నాం.

వెళ్తుంటే వదిన గుమ్మం దాకా వచ్చింది. మాట్లాడలేదు. నా సంచి పట్టీ మెలిపడితే సరిచేసి లోపలికి వెళ్ళిపోయింది.

మీటింగు గది మేడమీద. పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు, గోడకి తెర. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడంలేదు. సున్నాల సారు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. బోర్డు మీద రాసే పెన్ను సిరా ఆయన చొక్కా చేతికి ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. నన్ను చూసి, "మన ప్రాజెక్టుకి మంచి మార్కులే వేశారటగా మేడం!" అన్నాడు సంతోషంగా. మొదటి పేజీలు మాత్రమే చదివాడన్నమాట.

పెద్ద మేడం నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. మెత్తగా మాట్లాడతారు. మాట్లాడే ప్రతివాళ్ళ వైపూ పూర్తిగా తిరిగి వింటారు. అలాంటివాళ్ళ ముందు అబద్ధమాడడం మహా కష్టం.

"ముందు సూటిగా అడుగుతాను. శిక్షణ పొందినవాళ్ళు నేర్చుకున్నారా?" అన్నారావిడ.

"నేర్చుకున్నారండీ. సారు ఎలా నేర్పారో అచ్చంగా అలాగే నేర్చుకున్నారు. తంటా అంతా దానితోనే."

ఎవరో చిన్నగా నవ్వారు. నేను సున్నాల సంగతి మొదలుపెట్టాను. బొమ్మ మడుగు గురించి, పరీక్ష గురించి, ఆ తర్వాత ఫైల్లోకొచ్చిన నిజం మడుగు గురించి. చెబుతూ ఉంటే నా గొంతు నాకే కొత్తగా, గట్టిగా వినపడింది. ఫర్వాలేదే అనుకున్నాను.

సున్నాల సారు మొహం మెల్లమెల్లగా పాలిపోయింది. "సున్నా అంటే విలువ లేదని కాదండీ. ఇంకా కట్టలేదని."

"ఆ మాట ఫైల్లో లేదు సార్. సున్నా ఒక్కటే ఉంది."

"క్లాసులో నోటితో చెప్పాను కదా!"

ఫైలు చూసిన ఆఫీసరు లేచాడు. "చెప్పారండీ. తర్వాత చూద్దామన్నారు. తర్వాత మీరు రాలేదు."

"నా కాంట్రాక్టు అయిపోయిందయ్యా."

"అది మాకెలా తెలుస్తుంది సార్? మీరొస్తారనే ఎదురుచూశాం. ఈలోగా పైనుంచి ఫైలు తొందర పెట్టారు."

ఎవరిని తిట్టాలో ఎవరికీ తెలీలేదు. నాకైతే ఆ ఇద్దరిమీదా కోపం రావడం మానేసింది. ఎవరి మటుకు వాళ్ళు తమ పని చక్కగా చేసి పెట్టారు. మధ్యలో మడుగు పోయింది.

పెద్ద మేడం కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "అంటే పరీక్ష పాసైనవాళ్ళు ఇప్పుడు ఏ మడుగుకి లెక్కకట్టినా ఇలాగే కడతారు?"

"కడతారండీ."

"అయితే దీన్ని మంచి ప్రాజెక్టని నేనెలా రాయను?" ఆవిడ పెన్ను తీశారు. "ఈ మడుగు ఫైలు వెంటనే మళ్ళీ తెరవాలని, అంతవరకూ పని ఆపాలని సిఫార్సు చేద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సున్నాల సారు కూడా తలొంచుకుని, "రాయండి మేడం, అదే న్యాయం" అన్నాడు. నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. బల్ల కింద చేతులు గట్టిగా పట్టుకున్నాను. వదిన చేతులే గుర్తొచ్చాయి.

అప్పుడు తలుపు చప్పుడైంది.

"వద్దంటే వినడం లేదండీ! నేను బయటిదాన్ని కాను, లోపల మావాళ్ళున్నారంటోంది," అంటూ వాచ్‌మన్ వెనక్కి నడుస్తూ లోపలికొచ్చాడు. అతన్ని నెట్టుకుంటూ వదిన వచ్చింది.

పెట్టె అడుగున దాచుకునే మంచి బట్టలు కట్టుకుంది. తల నున్నగా దువ్వుకుంది. చంకలో చుట్టిన చాప ఉంది. కళ్ళతో వద్దు వదినా, వద్దు వదినా అన్నాను. ఆవిడ నావైపు చూసి, భయపడకు నేనొచ్చాగా అన్నట్టు తలూపింది.

"పెద్దవాళ్ళు క్షమించాలి," అంది. "తుంగకి సున్నా వేశారని విన్నాను. తుంగంటే ఏంటో మీలో ఎవరూ చూసి ఉండరని తెచ్చాను."

చాప విప్పి బల్లమీద పరిచేసింది. కాయితాలు, గ్లాసులు, నా రిపోర్టు, అన్నీ దాని కిందకి పోయాయి. ఆకుపచ్చ ఇంకా పూర్తిగా పోని కొత్త చాప. గదంతా తడి వాసన వచ్చింది.

"ముట్టుకోండి. దీనిమీద పడుకున్నవాళ్ళకి ఎండాకాలం తెలీదు. ఇది కోసి, ఎండబెట్టి, చీల్చి, అల్లి, మా పాకలో పాతికమందిమి బతుకుతున్నాం. సున్నామీద ఎవరన్నా బతుకుతారా అమ్మా?"

పెద్ద మేడం లేచి నిలబడి చాప మీద చెయ్యి వేశారు. నిదానంగా నిమిరారు. ఫైలు చూసిన ఆఫీసరు కూడా ముట్టుకున్నాడు. సున్నాల సారు దగ్గరికి రాలేదు, కానీ కళ్ళు అటే ఉన్నాయి. ఆ క్షణాన వదిన వెళ్ళిపోయి ఉంటే, నిజంగా చెబుతున్నాను, ఆ మడుగుని ఎవరూ ముట్టుకోగలిగేవాళ్ళు కాదు.

"చాలా బాగుందమ్మా," అన్నారు పెద్ద మేడం. మర్యాదకే అడిగారు, మనసులో ఏమీ లేదు. "ఇవాళ మేమిక్కడ కలుస్తున్నామని మీకెలా తెలిసింది?"

"మా మరదలు చెప్పింది. అదిగో," అంది వదిన నావైపు చూపించి.

పెద్ద మేడం చెయ్యి చాపమీదే ఆగింది.

"మరదలంటే?"

"నా తమ్ముడి భార్యండీ. మా ఇంటి పిల్ల. మాకోసమే రాసింది ఇదంతా. ఎంత కష్టపడిందో నేను కళ్ళారా చూశాను. ఒక్కర్తే ఇంతమంది మధ్య బెదిరిపోతుందేమోనని నేనే ఉండబట్టలేక వచ్చాను."

మాకోసమే రాసింది. ఎంత ప్రేమగా అందో ఆ మాట! నా జీవితంలో నన్నెవరూ అంతమంది ముందు అంతలా పొగడలేదు.

పెద్ద మేడం నావైపు పూర్తిగా తిరిగారు. "ఈవిడ మీకేమవుతారు?"

కాదంటే చాలు. ఎవరో తెలీదు, మడుగు దగ్గర ఒకసారి మాట్లాడాను, అందుకే చనువుగా మరదలంటోంది అంటే సరిపోతుంది. నమ్మేవాళ్ళేమో కూడా. వదిన నాకేసి చూస్తోంది, మొహం వెలిగిపోతూ. ఆ మొహం ఎదురుగా నువ్వెవరో నాకు తెలీదని ఎలా అనను? మడుగు నిలబెట్టడానికే కావచ్చు. అయినా నోరు రాలేదు.

"మా వదినండీ," అన్నాను.

పెద్ద మేడం కూర్చున్నారు. పెన్ను మూత పెట్టారు. ఆ తర్వాత మాటలన్నీ ఇంగ్లీషులో, గొంతు తగ్గించి సాగాయి. వదినకి అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"మీరు నాకు ముందే చెప్పి ఉండాల్సింది."

"అవునండీ."

"చెప్పి ఉంటే ఆ భాగం వరకు ఇంకొకరితో సరిచూయించేదాన్ని. పెద్ద పనేం కాదు."

నేను తల ఎత్తలేకపోయాను. తప్పిస్తారనుకున్నాం. సరిచూయిస్తారని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

"ఇప్పుడు సరిచూయించండి మేడం. సున్నా ఎవరు చూసినా సున్నాయే కదా! ఫైలు తెరిస్తే కనపడుతుంది."

"కనపడుతుంది. మీరు చెప్పింది నిజమని నాకూ తెలుసు," అన్నారావిడ. ఆ మాట అనకపోయినా బాగుండేది. "కానీ ఇప్పుడు కొత్త మనిషిని వెయ్యాలంటే పని మొత్తం మొదట్నుంచీ. అది పూర్తయ్యేలోపు అక్కడ గోదాములు లేస్తాయి. ఈలోగా ఈ సిఫార్సు నేను పైకి పంపితే మొట్టమొదట వాళ్ళడిగేది, ఈ మాటన్నదెవరు అని. నేనేం చెప్పను? ఆ భాగం తీసెయ్యక తప్పదు. మిగతా రిపోర్టు ఉంటుంది."

మిగతా రిపోర్టంటే, నేర్పినవి బాగా నేర్చుకున్నారని నేను వేసిన మార్కులు. అవి నిలుస్తాయి.

"ఇంకేమీ దారి లేదా మేడం?"

"నాకు తెలిసి లేదు. ఉంటే మీకు చెప్పనా?"

ఆవిడ కూడా కళ్ళు తుడుచుకున్నారనిపించింది. దానివల్ల ఏం లాభం? రాయి విసిరేవాడుంటే అడ్డుపడొచ్చు. ఇక్కడందరూ మంచివాళ్ళే. ఎవరి మీద తిరగబడను?

ఫైలు చూసిన ఆఫీసరు వదిన మాటలన్నీ పూసగుచ్చినట్టు కాయితం మీద ఎక్కించుకున్నాడు. ఆ భాగం ఎందుకు తీసేశారో చూపించాలిగా మరి. వదిన అతని చేతివంకే ఆశగా చూస్తోంది.

"నేను చెప్పింది రాసుకుంటున్నారా బాబూ?"

"రాసుకున్నామమ్మా. ఒక్క మాట కూడా వదల్లేదు," అన్నాడతను.

వదిన చేతులు జోడించి ఒక్కొక్కరికీ దణ్ణం పెట్టింది. చాప చుట్టబోతే పెద్ద మేడం సాయం పట్టారు. "మీరే ఉంచుకోండమ్మా, మళ్ళీ అల్లుకుంటాను. తుంగకేం కరువు?" అంది వదిన. మేడం కాదనలేకపోయారు.

వరండాలోకి వచ్చాక గోడకి ఆనుకున్నాను. వదిన నా బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది.

"చూశావా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. బయటివాళ్ళని రానివ్వరట! నేను మీ మనిషినని చెప్పగానే నీతో ఎంత నెమ్మదిగా మాట్లాడింది ఆ మహాతల్లి! పొద్దున్న నిన్ను నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకే."

"వదినా, ఒక్క నిమిషం నా మాట వినండి..."

"ఇంట్లో వింటాను. ముందు వాళ్ళకి చెప్పాలి. పొద్దుట్నుంచీ ఆ సంతకాలవాడు పాక ముందే కూర్చున్నాడట, మా పిల్లలు హడలిపోతున్నారు." అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. "ఒసేయ్, నేనే! ఎవ్వరూ సంతకం పెట్టకండి. ఒక్కరు కూడా పెట్టకండే! రాసుకున్నారు. నా ఎదురుగానే రాసుకున్నారు. ఏంటీ? వాడు వెళ్ళిపోతానంటున్నాడా? పోనీ! పెన్నూ కాయితాలూ సర్దుకుని పొమ్మను!"

"వదినా, ఆగండి. వాణ్ణి పోనివ్వకండి..."

నా గొంతు నాకే వినపడలేదు. ఆవిడ గలగలా నవ్వుతూ మాట్లాడుతోంది. మా ఆయన పోయినేడు కొనిచ్చిన ఫోను అది. అందులోంచి అవతలివాళ్ళ కేకలు నాదాకా వస్తున్నాయి.

"నా మాట నమ్మరేంటే? నేనేమన్నా చదువుకున్నదాన్నా అంటారా? సరే, చదువుకున్నదాన్నే ఇస్తున్నా, అడగండి." వదిన ఫోను తెచ్చి నా చెవికి ఆనించింది. ఆవిడే పట్టుకుని నిలబడింది. "నువ్వే చెప్పు పిల్లా. నువ్వు చెబితే నమ్ముతారు."

అవతల గోల టక్కున ఆగిపోయింది. పాతికమంది ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ దగ్గరికి జరుగుతున్న అలికిడి. వాళ్ళ వెనక ఎక్కడో మగగొంతొకటి, తొందరగా తేల్చండమ్మా, బండి వెళ్ళిపోతోంది అంటోంది.

"అమ్మా, పెట్టమంటావా, వద్దంటావా?" అంది ఒక ముసలి గొంతు. "అమ్మా, వినపడుతోందా?"

వదిన నా మొహంలోకి చూస్తూ, చెప్పు చెప్పు అని తలాడిస్తోంది.

"వినపడుతోంది," అన్నాను.